అవ్వ అలికిన కోర్టు

మోకాలు మార్పించుకున్నంక మెట్లు ఎక్కొద్దని డాక్టర్ గట్టిగనే చెప్పిండు. ఆయన చెప్పిండని ఊకుంటే నేను బాలమణిని ఎట్లయిత? ముంబై కామాటిపురల మా వరుస రూముల చాల్ కూలగొడుతున్నరు, చూడాలనుంటే ఇప్పుడే రా అక్కా అని మా చిన్నమ్మ కొడుకు ఫోన్ చేసిండు. టాక్సీ దిగి గల్లి మొగదల నిలబడి చూస్తే సగం రూములకు తలుపులు లేవు, కిటికీలల్లకెల్లి ఆకాశం కనబడుతున్నది. చెక్క మెట్లు మాత్రం ఇంకా ఉన్నయి. కఠెడా పట్టుకొని, మెట్టు మెట్టుకు ఆగుకుంట, నా మోకాలును నేనే తిట్టుకుంట పైకెక్కిన. మా రూము ముంగట నిలబడ్డంక ఎందుకొచ్చిన్నో మరిచిపోయిన. లోపట ఏం లేదు. గోడలకు పాత నీలం సున్నం, పొయ్యి ఉన్న తాన మసి, అంతే. గాని ముక్కుకు వాసన వచ్చింది చూడు! ముందుగల తునికాకు వాసన, దాని ఎనక ఉడుకుతున్న జొన్న గట్క వాసన, అన్నిటి అడుగుకెల్లి పచ్చి పెండ వాసన. ముంబైల, మూడో అంతస్తుల పెండ వాసన ఏందని కొత్తోళ్ళు అడుగుతరు. అది మా అవ్వ చేతుల వాసన. సబ్బు పెట్టి ఎంత రుద్దినా పోకపోయేది. ఆ చేతులతోనే గట్క ముద్దలు చేసి నా నోట్లె పెట్టేది, నేను ముక్కు మూసుకొని మింగేదాన్ని. ఇప్పుడు ఆ వాసన కోసం ఖాళీ రూముల నిలబడి కుక్క లెక్క గాలి పీల్చుకుంటున్న.

అవ్వ అంటే మా నాయినమ్మ, ఎంకమ్మ. మా ముత్తాతలు పాలమూరు దిక్కుకెల్లి రాయి, సున్నం మొయ్యనీకి వచ్చినోళ్ళు. ఈ షహర్ల పెద్ద పెద్ద కమాన్ల ముంగట జనం ఫోటోలు దిగుతరు గద, వాటి కింద మా అవ్వ అత్తగారి చెమట ఉన్నది. అవ్వ ఎగిలివారకముందే లేచేది. కింద నల్లా వచ్చిందంటే చాల్ మొత్తం కొట్లాటనే, తిట్టుడు మరాఠీల, తెలుగుల, సర్దిచెప్పుడు హిందీల. అంత లొల్లిల కూడ అవ్వ ముందు చేసే పని ఒక్కటే. గడప ముంగట చాపంత జాగ పెండనీళ్ళతో అలికి, సున్నం పిండితో ముగ్గేసుడు. సిమెంటు వరండా మీద! పక్క రూమోళ్ళు నవ్వేటోళ్ళు. "నల్లా పోతది అత్తా, ముందు నీళ్ళు పట్టు" అని అమ్మ ఒర్రేది. అమ్మ అప్పటికే గోడకు ఆనుకొని, ఒళ్ళె చాట పెట్టుకొని బీడీలు చుడుతుండేది. అవ్వ ఇనేదే కాదు. ముగ్గు ముగిసినంకనే బిందె ముట్టేది. ముసలిదాని చాదస్తం అనుకునేదాన్ని నేను. నాయిన నాకు బుద్ధి తెల్వకముందే పోయిండు, కడుతున్న బిల్డింగు పరంజి మీదికెల్లి పడి. ఆ ముచ్చట మా ఇంట్ల ఎవ్వరూ ఎత్తకపోయేది.

అవ్వకు పని క్లబ్బుల. సముద్రం దిక్కు చెట్ల నడుమ సేట్లు, అఫ్సర్లు, వాళ్ళ ఇంటోళ్ళు టెన్నిస్ ఆడుకునే క్లబ్బు. అప్పట్ల కోర్టులు మట్టివి. దుమ్ము లేవకుండ, బంతి ఒక్క తీరుగ ఎగరాలంటే పైన పెండతో అలకాలె. అలుకుడు రానోళ్ళెవరు మా గల్లిల? మా చాల్ ఆడోళ్ళు నలుగురైదుగురు పోయేటోళ్ళు, అవ్వ వాళ్ళకు పెద్ద. దారిల బర్ల తబేలా కాడ పెండ గంపలకెత్తుకొని, ఇంకా దీపాలు ఆరని రోడ్ల మీద, నిద్రమొకాలతో నడుసుకుంట పోయేది. బడి లేని దినం నేను కూడ ఎంట పడేదాన్ని. ఇయ్యాల్టికి నా కలలల్ల వచ్చేది ఆ పొద్దే. నేను గెలిచిన కప్పులు కాదు, చప్పట్లు కాదు. మంచుల వంగి ఉన్న ఆడోళ్ళు, కొంగులు నడుముకు చెక్కుకొని, వల కాడికెల్లి మొదలుపెట్టి ఎనకకు ఎనకకు జరుగుతుంటరు. కుడి చెయ్యి తిరిగిన తానల్ల నేల మీద ఒక సగం చందమామ పడుతది. చందమామ పక్కన చందమామ, కోర్టు నిండ చందమామలే. ఎవ్వరూ మాట్లాడరు. తడి చేతి చప్పుడు, గాజుల చప్పుడు, దూరంగ సముద్రం. పొద్దెక్కినకొద్ది ఆ తడి నలుపు ఎండి, ఆకుపచ్చయి, పసుపుపచ్చయి, ఆఖరికి బెల్లం రంగుకు వచ్చేది. అది ఆరుతుంటే ఒక వెచ్చటి వాసన లేచేది. నేను గట్టు మీద కూసొని, కండ్లు మూసుకొని, ఆ వాసనల తేలేదాన్ని.

మల్ల దినం పోతే చందమామలన్ని గీరుకపోయి ఉండేటివి. అవ్వ నడుం మీద చెయ్యి పెట్టుకొని ఆ నేలను పోలీసోని లెక్క చూసేది. "ఈడ ఎవడో జారిండు. ఈడ ఎవరిదో మోకాలు కొట్టుకున్నది, నెత్తురు చూడు. మనోళ్ళు పడితే కడుపు కోసం పడిన్రనుకోవచ్చు. వీళ్ళకేమాయెనే? తిన్నది అరగక పడుడా?" అనేది. టెన్నిస్ అంటే అవ్వ లెక్కల ఒకళ్ళు అలికిన నేలను ఇంకొకళ్ళు తొక్కి ఖరాబు చేసుడు, ఆ ఖరాబుల పడి కాళ్ళు చేతులు ఇరగగొట్టుకొనుడు. అసువంటి ఆటకు ఆమె మనుమరాలే తగులుకున్నది. క్లబ్బుల కేటీ మేడమ్ అని ఒక పార్సీ ఆమె ఉండె. గొంతు పెద్దది, మనసు ఇంకా పెద్దది. గోడకు నేను చేత్తోటి బంతి కొట్టుకుంటుంటే చూసి, తీగలు వదులైన పాత రాకెట్ నా చేతుల పెట్టింది. ఇగ అంతే, నాకు అన్నం సయించలే, బడి సయించలే. కోర్టు ఆరినంక, మెంబర్లు రాకముందు, కాసేపు ఆడుకోనిస్తవా అని అవ్వ గదవ పట్టుకొని బతిమిలాడిన. "ఆడు. గాని ఒక్క గీత పడ్డదా, నీ వీపు చింతపండే" అన్నది.

అట్ల నేర్చుకున్న నేను. అవ్వ గట్టు మీద కూసొని బంతిని చూడకపోయేది, నా కాళ్ళను చూసేది. జారకుండ, గీరకుండ, మునివేళ్ళ మీద చిన్న చిన్న అడుగులు వేసుకుంట పోయి బంతి అందుకోవాలె. పసిపిల్ల పక్కన పండుకుంటే లేచిపోతం చూడు, అట్ల. మస్తు ఏండ్ల తర్వాత పేపరోళ్ళు నా అడుగుల గురించి ఏమేమో రాసిన్రు, గాలిల నడుస్తది అన్నరు, పుట్టుకతోటి వచ్చిన కళ అన్నరు. నా మొకం! కళ లేదు, ఏం లేదు. అది అవ్వ భయం.

ఆ ఏడు క్లబ్బుల జరిగిన పెద్ద పోటీల కేటీ మేడమ్ నా పేరు రాయించింది. ఒక్కొక్కరిని ఓడగొట్టుకుంట ఫైనల్ దాంక వచ్చిన. చాల్ల పోరగాండ్లు మెట్ల మీద డప్పు కొట్టిన్రు. అవ్వ మాత్రం, "ఇల్లు అలకంగనే పండుగైతదా?" అని మూతి తిప్పింది. ఫైనల్‌కు ముందు దినమే కేటీ మేడమ్ మా రూముకు వచ్చి, చాపల కూసొని, ఈ పిల్లను నాకు ఇడిచిపెట్టు, దేశమంత తిప్పుత అని అడిగింది. అవ్వ ఆమెకు చాయ్ పోసింది, బిస్కెట్లు పెట్టింది, కాదన్నది. "ఈ ఒక్క ఆట ఆడుతది. దీంతోని సరి. బ్యాటు మూలకు పెట్టి సూది పని నేర్చుకుంటది. నాకు ఉన్నది ఇదొక్కతె." అమ్మ దిక్కు చూసిన. అమ్మ బీడీ మీదికెల్లి తల ఎత్తలే. ఏడ్చి ఏడ్చి నేను ఒక్కటే అనుకున్న. గెలిస్తే, ఆ ఎండి కప్పు తెచ్చి అవ్వ ఒళ్ళె పెడితే, ఎట్ల కాదంటదో చూస్త. ఓడితే నా బతుకు ఈ మెట్ల మీదనే తెల్లారుతది. పదహారేండ్ల దానికి అంతకంటే పెద్ద ఆలోచన ఏమొస్తది?

ఫైనల్ దినం ఎగిలివారంగ, అవ్వ గంప ఎత్తుకుంట, ఊకనే అడిగినట్టు, "నువ్వు ఏ దిక్కు నిలబడుతవే?" అన్నది. "గుల్మొహర్ చెట్టు దిక్కు" అని నిద్రల జవాబిచ్చిన. ఎప్పుడూ నేను అటుకెల్లి మొదలుపెట్టేదాన్ని. నడుమ నడుమ దిక్కులు మారుతరని చెప్పాలని నాకు తోచలే.

ఎండ పూట, అమ్మ కుట్టిన తెల్ల పాప్లిన్ గౌను వేసుకొని పోయేసరికి క్లబ్బుల గగ్గోలు. కుర్చీల నిండ జనం, కోర్టు చుట్టు మెంబర్లు, నడుమ సెక్రటరీ సాహెబు ఎర్రమొకంతోటి "యే క్యా హై, యే క్యా హై" అని ఒర్రుతున్నడు. చూసిన. గుల్మొహర్ దిక్కు, క్లబ్బు తోట చూసే మాలీ సున్నంతోటి వేసిన ఎనక గీతకు అటు ఇటు, మనిషి పండుకునేంత ముగ్గు. చుక్కలు పెట్టి, మెలికలు తిప్పి, నడుమ తామరపువ్వు కూడ. మాలీ గీతలేసి చాయ్ తాగనీకి పోయినంక అవ్వ వేసింది. ఆ ముగ్గు నడుమ అవ్వనే కూసున్నది, మోకాళ్ళ మీద గదవ పెట్టుకొని. మాలీ చీపురు పట్టుకొని ముంగటికొస్తే, "చెయ్యి వేసి చూడు బిడ్డా" అని తెలుగులనే అన్నది. వాడికి మంచిగనే సమజైంది, ఎనకకు జరిగిండు. అవతల నాతోటి ఆడాల్సిన పూణే పిల్ల నారింజ తొనలు తినుకుంట చూస్తున్నది. వాళ్ళ నాయిన గడియారం చూపించి, కోర్టు తయారు లేకుంటే మా పిల్ల గెలిచినట్టు రాయండి అంటున్నడు. రెఫరీ తల ఊపుతున్నడు.

నాకు ఏడుపు, కోపం, సిగ్గు, అన్ని ఒక్కసారే. పోయి అవ్వ ముంగట కూలబడ్డ. "అవ్వా, లే. నీ కాళ్ళు మొక్కుత. తుడవనియ్యి. నా ఆట పోతది."

"పోతే పోనీ."

"ఎందుకవ్వా? ఏం చేసిన నీకు?"

అవ్వ నా దిక్కు చూడలే. సున్నం చేతులను చూసుకుంట మెల్లగ అన్నది. "అలికిన నేల బోసిగ ఉంటే ఎవరిల్లే అది? సావు ఇల్లు. ఆ పొద్దు నల్లా ముందుగల వచ్చింది. మీ అమ్మ పిలిచింది. అలికినది అలికినట్టే ఇడిచి, ముగ్గు వేయకుండ, బిందె పట్టుకొని ఉరికిన. మీ నాయిన ఆ బోసి నేల మీదికెల్లి దాటి పనికి పోయిండు. మల్ల రాలే." కొంగుతోటి ముక్కు తుడుచుకున్నది. "ఈ నేల నేను అలికిన. దీని మీద నువ్వు ఉరుకుతవు. బోసిగ ఇడుస్తనా? నిన్ను కూడ ఇడుస్తనా?"

ఏండ్లకేండ్లు ఒక్క ఇంట్ల, ఒక్క చాప మీద పండుకున్నం, ఆ మాట నేను అప్పుడే ఇన్న. నా కోపం ఏడికి పోయిందో. ఆమె చేతులు పట్టుకున్న. తుడిస్తే కీడు అంటది. ఉంచితే ఆట లేదు. ఏం చెయ్యాలె? పుట్టినప్పటికెల్లి ఆమె పక్కన కూసున్నదాన్ని, నాకు ఒక దారి తోచింది. "తుడవం అవ్వా. అలుకుదం. అలికితే తప్పు లేదు గద?"

"అలికినంక మల్ల బోసినే గద?"

"ఈ గీత కూడ అలుకుల పోతది. అది ఎట్లనన్న మల్ల వేయాలె. నువ్వే వెయ్యి, నీ చేతితోటి. అదే ముగ్గనుకో."

అవ్వ ఆ గీత దిక్కు చూసింది. "గీత ఒక్కటే ముగ్గైతదా?" అని గొణిగింది, గాని లేచింది. కేటీ మేడమ్ రెఫరీ చెవుల ఏం చెప్పిందో, అందరికి షర్బత్ తెప్పిచ్చింది, మాకు ఆ షర్బత్ అయ్యేదాంక టైం దొరికింది. నేను గౌను మోకాళ్ళ పైకి దోపుకొని, క్లబ్బు క్లబ్బంత చూస్తుంటే, అవ్వ పక్కన వంగి పెండ అలికిన. ఎవరో నవ్విన్రు. నాకు ఇనబడ్డది, పట్టలే. వైశాఖం ఎండ, పలుచటి అలుకు, చూస్తుండంగనే ఆరింది. మాలీ తాడు పట్టుకొని వస్తే అవ్వ వద్దన్నది. మూడు వేళ్ళ నడుమ సున్నం పట్టి, ఎనకకు జరుగుకుంట గీత దించింది. బారుగనే వచ్చింది, కొంచెం కడుపుతోటున్నదాని లెక్క నడుమ ఉబ్బింది. రెఫరీ చూసి చూడనట్టు ఊకున్నడు. నేను చేతులు కడుక్కొని ఆటకు నిలబడ్డ.

ఆ ఆట నాకు నీళ్ళ కింద జరిగినట్టు యాదికున్నది. బంతి మెల్లగ వస్తది, పూణే పిల్ల జడ మెల్లగ లేస్తది, గుల్మొహర్ పూలు ఒకటొకటే రాలుతయి. మొదటి సెట్ నాది, రెండోది ఆమెది. మూడో సెట్ల నేను మల్ల గుల్మొహర్ దిక్కుకు వచ్చినంక, సర్వ్ వేయబోయి కిందికి చూసిన. గీతకు బయట, రెండు వేళ్ళ ఎడంల, ఒక చుక్క. సున్నం చుక్క, చింతగింజంత. గీత ఒక్కటే ముగ్గు కాదు గద. చుక్క లేకుంటే ముగ్గెట్లయితది? ఎవ్వరూ చూడకుంట అవ్వ పెట్టింది. కాలితోటి రాస్తే పోతది. కాలు లేచింది గాని దాని మీద ఆనలే. ఇడిచిపెట్టిన.

ఆఖరి పాయింట్ దాంక వచ్చినం, అది ఆమెకు వస్తే ఆట ఆమెదే. ఆమె కొట్టిన బంతి నా మీదికెల్లి పోయింది. నేను ఎనకకు మర్రి చూస్తున్న, అది బయట పడుతది, నాకు ఎరుకే, బయటనే పడ్డది. సీదా పోయి అవ్వ చుక్క మీద. సున్నం పొగలెక్క లేచింది. తెల్ల దుమ్ము లేచిందంటే గీతకు తగిలినట్టే గద, అంపైర్ లోపట అన్నడు. అయిపోయింది. నోరు తెరిచి చుక్క చూపిస్తే పాయింట్ నాది, ఆట మిగులుతది, గాని అవ్వ చుక్కను అందరి ముంగట తుడిచేస్తరు. అవ్వ దిక్కు చూసిన. మాలీ గుడిసె కాడ నిలబడి, మొకమంత పండ్లు చేసుకొని, చప్పట్లు కొడుతున్నది మా పిచ్చి తల్లి. నేను వల కాడికి పోయి పూణే పిల్లకు చెయ్యి ఇచ్చిన.

ఆ క్లబ్బుల ఇప్పుడు కోర్టులు నీలం రంగువి. ఏదో రబ్బరు పోత పోస్తరు, ఏండ్లకేండ్లు ఉంటది. బంతి లోపటనా బయటనా మిషన్ చెప్తది. నేను నేర్పే పిల్లలకు రెండు మూడు జతల బూట్లు, డబ్బాల పండ్ల ముక్కలు, పడితే ఐసు పట్టుకొని ఉరికొచ్చే తల్లులు. పాతదంత బంగారం, కొత్తదంత కచర అనే రోగం నాకు లేదు. ఆ అలుకుడుల మా ఆడోళ్ళ నడుములు ఇరిగినయి, వాళ్ళ చేతులు ఎండకాలం పగిలి నెత్తురు కారేది, అది మల్ల రావాలని ఎట్ల కోరుకుంట? గాని పిల్లలు దన్‌దన్ అని నేలను తంతుంటే నా పానం గుంజుకుంటది. మెల్లగ రా బిడ్డా, మెల్లగ, అంట. ఎందుకు మేడమ్ అని ఇంగ్లీషుల అడుగుతరు. నా గురించి రాసినోళ్ళు అందరు నేను మొదలు దేశంల గెలిచిన కప్పు కాడికెల్లి మొదలుపెడతరు. ఆడలేనమ్మ మద్దెల ఓడన్నట్టు ఉంటదని ఈ ఓడిన ఆట ముచ్చట నేను ఎవ్వరికి చెప్పలే. కాని నా ఆట మొదలైంది ఆ మాపటికి, ఇంటికి వచ్చే బస్సుల.

కిటికీ పక్క సీటుల అవ్వ, పక్కన నేను. గౌనంత పెండ మరకలు. ఇగ ఆపుకోలేకపోయిన. "నీ చుక్క మీద పడ్డదవ్వా ఆ బంతి! అది బయటి బంతి! నువ్వు చుక్క పెట్టకుంటే నేను గెలుద్దును. అంత పోయింది. ఇగ సూది పనే గద, నేర్పియ్యి, ఇయ్యాలనే నేర్పియ్యి" అని బస్సంత ఇనేటట్టు ఏడ్చిన. అవ్వ నా మోచేతులు రెండు తిప్పి చూసింది. వంగి, మోకాళ్ళు ఒకటొకటి తడిమింది. అరికాళ్ళు చూపియ్యమన్నది, బూట్లు ఇప్పి చూసింది. వేళ్ళ సందులు కూడ చూసింది. ఏడా గీరుకపోలే.

"ఒక్కసారి కూడ పడలే నువ్వు" అన్నది, ఎవరికో సాక్ష్యం చెప్పినట్టు. నా తలను ఆ పెండ వాసన ఒళ్ళెకు గుంజుకున్నది. బస్సు గ్రాంట్ రోడ్ దాంక వచ్చినంక, కిటికీలకెల్లి బయటికి చూసుకుంట అడిగింది.

"మల్ల ఎప్పుడున్నదే ఆట? దిక్కులు మారుతరని ముందే చెప్పాలె గద. ఈసారి రెండు దిక్కుల వేస్త."